స్మోకీ మౌంటెన్స్‌లో రెండు రాత్రులు: టెంట్ వేసి, కొండ ఎక్కి రావాలనుకునే తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కు వైపు ఒక్కసారైనా వెళ్లనివాళ్లు తక్కువే. అయితే ఎక్కువమంది వెళ్లే తీరు ఒకటే. గాట్లిన్‌బర్గ్‌లోనో పిజన్ ఫోర్జ్‌లోనో క్యాబిన్ తీసుకుంటారు. టిఫిన్లు అయ్యి, పిల్లలు తయారై, కారెక్కేసరికి పదకొండు. ట్రాఫిక్‌లో కేడ్స్ కోవ్ లోయ ఒక చుట్టు తిరిగి, రెండు వ్యూపాయింట్ల దగ్గర ఫొటోలు దిగి, చీకటి పడేలోపు మళ్లీ ఊళ్లోకి వచ్చేస్తారు. ఈ పార్కు నిజంగా బాగుండేది పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు దాటాక. ఆ రెండు వేళల్లోనూ వాళ్లు పార్కులో ఉండరు.

పార్కు లోపలే పడుకుంటే ఆ రెండు వేళలూ మీకు దక్కుతాయి. అందుకే ముందు క్యాంప్‌సైట్ ఖాయం చేసుకుని, మిగతా ప్లానంతా దాని చుట్టూ అల్లుకోమంటాను. ఏ ట్రైల్ ఎక్కాలి, ఏం వండుకోవాలి, అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా అన్నవన్నీ ఆ తర్వాతే.

టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు మీద, సుమారు 5 లక్షల 22 వేల ఎకరాల్లో ఉన్న ఈ జాతీయ పార్కు 1934లో ఏర్పడింది. ఏటా కోటికి పైగా సందర్శనలతో అమెరికా జాతీయ పార్కులన్నింటిలోనూ మొదటి స్థానం దీనిదే. ట్రైళ్లే 800 మైళ్లకు పైన ఉన్నాయి. రాకీ పర్వతాల్లా మంచు శిఖరాలు, రాతి గోడలు ఇక్కడ కనిపించవు. ఇవి కోట్ల ఏళ్లుగా అరిగి గుండ్రబడిన పాత కొండలు, పైదాకా అడివే. చెట్లు విడిచే ఆవిరుల వల్ల దూరపు వరసలన్నీ నీలం పొగ కప్పుకున్నట్టు ఉంటాయి.

మొదటి అడుగు: ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోండి

తొలిసారి టెంట్ వేసేవాళ్లకు మే మొదటి మూడు వారాలు, సెప్టెంబరు నెల నా మొదటి ఎంపిక. రాత్రిళ్లు మరీ చలి ఉండదు, జూలై నాటి జనం ఉండరు. ఏప్రిల్‌లో అడివి పూలు బాగా పూస్తాయి గానీ వానలు, చలి రాత్రులు తప్పవు. జూన్, జూలై నెలల్లో బడి సెలవులు కాబట్టి రద్దీ ఎక్కువ, మధ్యాహ్నాలు ఉరుముల వానలు మామూలే. అక్టోబరు రంగుల నెల. పై కొండల్లో ఆకులు నెల మొదటి సగంలోనే ఎర్రబడతాయి, కింది లోయల్లో నెల మధ్య నుంచి నవంబరు మొదటి వారం దాకా ఉంటాయి. అందం ఎంతో జనం అంత. అక్టోబరు శనివారం మధ్యాహ్నం న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు మీద ఇరుక్కుంటే ఆకుల రంగుల కంటే ముందు కారు బ్రేక్‌లైట్ల ఎరుపే ఎక్కువ కనిపిస్తుంది. అక్టోబరే కావాలంటే సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళ్లండి.

శీతాకాలంలో క్యాంపింగ్ తొలిసారి వాళ్లకు కాదు. డిసెంబరు నుంచి మార్చి చివరిదాకా పార్కులో అన్నింటికంటే ఎత్తైన శిఖరం కువోహీకి వెళ్లే రోడ్డు మూసే ఉంటుంది. మంచు పడితే రెండు రాష్ట్రాలను కలిపే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డూ మూసేస్తారు.

ఎత్తును బట్టి వాతావరణం ఎంత మారుతుందో ముందే తెలిసి ఉండాలి. కింది లోయకూ పై శిఖరానికీ మధ్య 10 నుంచి 20 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటుంది. లోయల్లో ఏడాదికి సుమారు 55 అంగుళాల వాన పడితే, కొన్ని శిఖరాల మీద 85 అంగుళాలు పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడే వానకు ఇది రెండింతలకు పైమాటే. గాట్లిన్‌బర్గ్‌లో ఎండ కాస్తోందని రెయిన్ జాకెట్ క్యాబిన్‌లో వదిలేసి పైకి వెళ్లిన వాళ్లు వణుకుతూ దిగడం ఇక్కడ రోజూ కనిపించే దృశ్యమే.

రెండో అడుగు: క్యాంప్‌సైట్ బుక్ చేసుకోండి

పార్కులో కారు పక్కనే టెంట్ వేసుకునే క్యాంప్‌గ్రౌండ్లు చాలా ఉన్నాయి. వాటిలో కుటుంబాలకు బాగా కుదిరేవి మూడు.

ఎల్క్‌మాంట్ అన్నింటికంటే పెద్దది. రెండొందలకు పైగా సైట్లు, పక్కనే లిటిల్ రివర్ పారుతుంటుంది, గాట్లిన్‌బర్గ్‌కు దగ్గర. తొలిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మార్చి నుంచి నవంబరు దాకా తెరిచి ఉంటుంది. కేడ్స్ కోవ్ ఏడాది పొడవునా ఉంటుంది. చిన్న దుకాణం, సైకిళ్లు అద్దెకిచ్చే చోటు ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్లకు వీలు. స్మోక్‌మాంట్ నార్త్ కరోలినా వైపు, చెరోకీ ఊరి దగ్గర ఉంది. ఇదీ ఏడాదంతా తెరిచే ఉంటుంది. షార్లెట్, రాలీ నుంచి వచ్చేవాళ్లకు ఇది దగ్గర. ఎండాకాలంలో చల్లదనమే ముఖ్యం అనుకుంటే 5,300 అడుగుల ఎత్తున ఉన్న బాల్సమ్ మౌంటెన్ చూడొచ్చు, కానీ రాత్రి చలికి సిద్ధపడి వెళ్లాలి.

బుకింగ్ అంతా రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లోనే. అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అంటే కుదరదు, ముందుగా రిజర్వేషన్ ఉండాల్సిందే. తేదీకి ఆరు నెలల ముందు సైట్లు తెరుచుకుంటాయి. అక్టోబరు రెండో శుక్రవారం కావాలంటే ఏప్రిల్‌లో అదే తేదీన పొద్దున్నే లాగిన్ అయి కూర్చోవాలి. అకౌంట్ ముందే తెరిచి, కార్డు వివరాలు పెట్టి, కావలసిన సైట్ నంబర్లు మూడు నాలుగు రాసి పెట్టుకోండి. ఒకటి పోతే ఇంకొకటి నొక్కొచ్చు. దొరకలేదా, టెన్షన్ పడకండి. ప్రయాణానికి వారం పది రోజుల ముందు చాలామంది రద్దు చేసుకుంటారు. అదే వెబ్‌సైట్‌లో ఖాళీ వస్తే కబురు పంపే ఏర్పాటు ఉంది, దాన్ని పెట్టుకోండి. రాత్రికి సుమారు 30 డాలర్లు అవుతుంది.

సైట్ ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకుండా మ్యాప్ చూడండి. రెస్ట్‌రూమ్‌కు మరీ ఆనుకుని ఉంటే రాత్రంతా తలుపు చప్పుడు, లైటు. మరీ దూరమైతే అర్ధరాత్రి పిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతోనో నడవాలి. మూడు నాలుగు సైట్ల అవతల ఉంటే చాలు. ఏటి పక్క సైట్లకు పోటీ ఎక్కువ. నీళ్ల చప్పుడుకు నిద్ర బాగా పడుతుంది, కానీ నడక నేర్చిన పసిపిల్లలు ఉంటే ఏటి ఒడ్డు వద్దే వద్దు.

ఒక సైట్‌లో ఆరుగురికే అనుమతి. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి బయల్దేరడం మామూలే కాబట్టి ఇది గుర్తుంచుకోండి. పక్కపక్క సైట్లు విడివిడిగా తీసుకోండి, లేదా కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో ఉండే గ్రూప్ సైట్ బుక్ చేయండి. ఒకే సైట్‌లో పన్నెండు మంది సర్దుకుందాం అనుకుంటే రేంజర్ వచ్చి పంపించేస్తారు.

స్నానాల గదులు లేవు. కరెంటు లేదు. ఫ్లష్ టాయిలెట్లు, చన్నీళ్ల కుళాయిలు ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పండి. రెండు రోజులు తడిగుడ్డతో తుడుచుకోవడానికి సిద్ధమైతే ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. మే చివర, జూన్ మొదట్లో ఎల్క్‌మాంట్‌లో మిణుగురులు ఒకే లయలో వెలుగుతాయి. వందల మిణుగురులు ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరిపోతాయి. కొన్ని క్షణాలు అడివంతా చిమ్మచీకటి, మళ్లీ వెలుగు. ఆ రోజుల్లో ఎనిమిది రాత్రుల పాటు బయటివాళ్లకు లాటరీ పెట్టి కార్లను పరిమితంగానే రానిస్తారు. లాటరీకి దరఖాస్తు ఏప్రిల్ చివర్లో ఉంటుంది. కానీ ఎల్క్‌మాంట్‌లో క్యాంప్‌సైట్ ఉన్నవాళ్లకు లాటరీతో పని లేదు, నడిచి వెళ్లి చూడొచ్చు. అందుకే ఆ వారాల సైట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. దొరికితే మాత్రం టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టండి, నేల మీదికే వెలుగు పడేలా పట్టుకోండి. ఫోన్ ఫ్లాష్ ఒక్కటి వెలిగినా వాటి లయ చెదిరిపోతుంది.

మూడో అడుగు: పార్కింగ్ ట్యాగ్, దారి, సిగ్నల్

పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. కానీ 2023 మార్చి నుంచి, ఎక్కడైనా పదిహేను నిమిషాలకు మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకు 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లు. మిగతా జాతీయ పార్కుల్లో పనిచేసే వార్షిక పాస్ దీనికి బదులుగా చెల్లదు. ట్యాగ్ మీద మీ కారు నంబరు ఉంటుంది, కాగితం రూపంలో కారులో బయటికి కనబడేలా పెట్టాలి. ఫోన్‌లో చూపిస్తానంటే కుదరదు. రెండు కార్లు వెళ్తే రెండు ట్యాగులు.

పార్కు లోపల పెట్రోలు బంకులు లేవు. పెట్రోలు, ఐస్, తాగునీళ్ల క్యాన్లు గాట్లిన్‌బర్గ్, టౌన్‌సెండ్, చెరోకీల్లో ఏదో ఒకచోట నింపుకుని లోపలికి వెళ్లండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అసలుండదు. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, విజిటర్ సెంటర్‌లో కాగితం మ్యాప్ కూడా కొనండి. రెండు కార్లలో వెళ్లేవాళ్లు ఫోన్ చేసుకుందాంలే అని విడిపోతే మళ్లీ కలవడానికి గంటలు పడుతుంది. ఫలానా చోట, ఫలానా టైముకు అని ముందే అనుకోండి.

బయల్దేరే ముందు రోజు పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో రోడ్లు, ట్రైళ్ల తాజా పరిస్థితి చూడడం తప్పనిసరి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను నార్త్ కరోలినా వైపు భారీగా దెబ్బకొట్టింది. ఇంటర్‌స్టేట్ 40 రోడ్డు కొంత మేర నదిలోకి కూలిపోయి, 2025 మార్చిలో ఒక్కో వైపు ఒక్కో లేన్‌తో తెరిచారు. అందరూ వెళ్లే లారెల్ ఫాల్స్ ట్రైల్‌ను 2025 జనవరిలో మరమ్మతులకని నెలల తరబడి మూసేశారు. పాత వీడియో చూసి ప్లాన్ వేసుకుంటే ఇలాంటివి తెలియవు.

అట్లాంటా నుంచి సుమారు 200 మైళ్లు, నాలుగు గంటల దారి. శుక్రవారం మధ్యాహ్నానికే బయల్దేరితే వెలుతురు ఉండగా టెంట్ వేసుకోవచ్చు. చీకట్లో, వానలో, ఆకలితో ఏడ్చే పిల్లల మధ్య కొత్త టెంట్ విప్పే పరిస్థితి తెచ్చుకోకండి.

నాలుగో అడుగు: సామాను

అన్నీ కొనాల్సిన పని లేదు. టెంట్, స్లీపింగ్ ప్యాడ్లు స్నేహితుల దగ్గర అడగండి, అవుట్‌డోర్ దుకాణాల్లో అద్దెకూ దొరుకుతాయి. నలుగురికి అయితే ఆరుగురి టెంట్ తీసుకోండి. పెట్టె మీద రాసే సంఖ్య మనుషులను ఇరికించి లెక్కగట్టినది, అందులో సంచులకు చోటుండదు. టెంట్ పైన కప్పే రెయిన్‌ఫ్లై నేల దాకా రావాలి. సగం వరకే ఉండేవి ఈ కొండల వానకు ఆగవు. ఇంటి వెనక గడ్డిలో ఒకసారి వేసి, విప్పి చూసుకోండి. మేకులు, కర్రలు అన్నీ ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

డబ్బు పెట్టేదేదైనా ఉంటే స్లీపింగ్ ప్యాడ్ మీద పెట్టండి. రాత్రి చలి ఎక్కువగా నేల నుంచి ఎక్కుతుంది. మీద రెండు రగ్గులు కప్పుకున్నా కింద పల్చటి చాప ఉంటే వీపు గడ్డకడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు మొదటి దాకా ఇంట్లోని దుప్పట్లు, రగ్గులు సరిపోతాయి, మిగతా నెలల్లో స్లీపింగ్ బ్యాగులు కావాలి. అమ్మానాన్నలకు మడత మంచం తీసుకెళ్లండి. నేల మీద పడుకుని లేవడం వాళ్లకు కష్టం, పెద్ద టెంట్‌లో మంచం సులువుగా పడుతుంది.

తలకు పెట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి. చేతిలో టార్చి పట్టుకుని టెంట్ జిప్పు తీయడం, పిల్లాడికి చెప్పులు తొడగడం కుదరదు. బట్టల్లో కాటన్ తగ్గించండి. తడిసిన కాటన్ చుడీదార్, జీన్స్ ఆరవు, కొండ మీద గాలికి ఒంట్లో వేడంతా లాగేస్తాయి. ఆటలకు వేసుకునే పాలియెస్టర్ టీషర్టు, పైన ఫ్లీస్, ఆ పైన రెయిన్ జాకెట్, ఇవి మూడూ ఉంటే చాలు. సాక్సులు మాత్రం రెండు జతలు ఎక్కువే పెట్టుకోండి.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి. పురుగులు పాకి అడివి దెబ్బతింటుందని, వేడితో శుద్ధి చేసి ముద్ర వేసిన కట్టెలనే పార్కులోకి అనుమతిస్తారు. చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతారు. పార్కులో రాలి ఎండిన పుల్లలు ఏరుకోవచ్చు, చెట్టు కొమ్మ విరవకూడదు.

ఐదో అడుగు: వంట, ఎలుగుబంట్లు

ఈ రెండింటినీ కలిపే చెప్పాలి. పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయని అంచనా. వాటి ముక్కు చాలా దూరం నుంచి వాసన పసిగడుతుంది. మన వంటలో ఇంగువ, తాలింపు, వేరుశనగ నూనె, పచ్చళ్లు. టెంట్‌లో ఒక ఆవకాయ సీసా మూత వదులుగా ఉంటే చాలు.

నియమం చిన్నది, కానీ మినహాయింపుల్లేవు: మనిషి దగ్గర లేనప్పుడు వాసన వచ్చే ప్రతిదీ కారులో ఉండాలి. వీలైతే డిక్కీలో, అద్దాలన్నీ ఎక్కించి, తాళం వేసి. వాసన వచ్చేవంటే తిండి ఒక్కటే కాదు. టూత్‌పేస్టు, కొబ్బరినూనె, లోషన్, లిప్‌బామ్, పిల్లల పాల సీసా, అగరొత్తులు, చెత్త సంచి, కడగని గరిటె, ఖాళీ కూలర్, స్టవ్ కూడా. నాన్నగారి జేబులో దాచుకున్న వక్కపొడి పొట్లం సహా. రాత్రి పడుకునే ముందు ఒకరు టెంట్‌లో, ఒకరు టేబుల్ చుట్టూ లైటు వేసి చూడండి. పిల్లల సంచులు దులపండి, చిప్స్ ప్యాకెట్ ఒకటైనా దొరుకుతుంది. ట్రైల్‌కు వెళ్లే ముందు పొద్దున్న కూడా ఇదే పని.

ఇది మన భద్రత కోసం మాత్రమే కాదు. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ క్యాంప్‌గ్రౌండ్‌కు వస్తుంది, భయం పోతుంది. చివరికి చాలాసార్లు దాన్ని చంపాల్సి వస్తుంది. మనం టేబుల్ మీద వదిలేసిన పులిహోర గిన్నె వల్ల ఒక జంతువు ప్రాణం పోవడం నాకు తట్టుకోలేని విషయం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. తిండి వదిలేసినా, పెట్టినా జరిమానాలూ పెద్దవే.

ఏం వండుకోవాలి? మొదటి రాత్రికి ఇంటి నుంచే తీసుకెళ్లండి. పులిహోర, చపాతీ, బంగాళాదుంప వేపుడు బాగుంటాయి. దద్దోజనం కూలర్‌లో పెట్టి మొదటి రోజే ముగించండి. రెండో రోజుకు రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ మీద ఉప్మా, టీ, రాత్రికి చిన్న కుక్కర్‌లో పప్పన్నం. తాలింపు ఘాటు తగ్గించి, కూరగాయలు ఇంట్లోనే తరిగి, పప్పూబియ్యం కడిగి ఆరబెట్టి డబ్బాల్లో కొలిచి పెట్టుకుంటే అక్కడ చెత్త ఉండదు, నీళ్ల పనీ తగ్గుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు, గంజి చెట్టు మొదట్లో పారబోయడం మనకు అలవాటు. ఇక్కడ చేయకూడదు. మెతుకులు, కరివేపాకు తీసి చెత్తలో వేసి, నీళ్లు అందుకని ఉంచిన తొట్టిలోనే పోయండి. చెత్త ఎలుగులు తెరవలేని గట్టి డబ్బాల్లో వేసి గొళ్లెం సరిగ్గా పడిందో లేదో చూడండి.

ఎలుగు కనిపిస్తే కనీసం 50 గజాల దూరంలో ఉండాలని చట్టమే ఉంది. మీ ఉనికి వల్ల అది చేస్తున్న పని ఆపి మీ వైపు చూసిందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. పరుగెత్తకండి. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. వెంట వస్తే పిల్లలను దగ్గరికి తీసుకుని, అందరూ ఒకచోట నిలబడి, చేతులు ఎత్తి గట్టిగా అరవండి, రాళ్లు విసరండి. మీద పడితే చచ్చినట్టు పడుకోకూడదు, చేతికందిన దానితో తిరగబడి కొట్టాలి. బేర్ స్ప్రేకు పార్కులో అనుమతి ఉంది. తీసుకెళ్తే చేతికి అందేలా నడుముకు తగిలించుకోండి. ఇదంతా చదివి భయపడాల్సింది లేదు. చాలామందికి ఎలుగు కనిపించేది దూరంగా, దాని దారిన అది పోతూనే.

ఆరో అడుగు: మీ కాళ్లకు తగ్గ ట్రైల్

అమ్మానాన్నలతో అయితే షుగర్‌లాండ్స్ విజిటర్ సెంటర్ దగ్గరి షుగర్‌లాండ్స్ వ్యాలీ నేచర్ ట్రైల్ మంచిది. అర మైలు, చదునైన దారి, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. అటువైపు చెరోకీ దగ్గర ఒకోనలఫ్టీ రివర్ ట్రైల్ ఒక వైపు మైలున్నర, ఏటి పక్కన దాదాపు సమతలం. పొద్దున్నే, సాయంత్రం అక్కడి పచ్చికలో ఎల్క్ జింకలు మేస్తుంటాయి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో పూర్తిగా అంతరించిన వీటిని 2001, 2002లో మళ్లీ తెచ్చి వదిలారు. ఎల్క్‌మాంట్‌లో ఉంటే కారు తీయకుండానే లిటిల్ రివర్ ట్రైల్ నడవొచ్చు. ఒకప్పుడు కలప మోసిన రైలు దారి అది, అందుకే ఎక్కుడు తెలియదు. మనసైనంత దూరం వెళ్లి వెనక్కి తిరగొచ్చు.

పిల్లలకు గ్రాటో ఫాల్స్. రానూపోను 2.6 మైళ్లు. జలపాతం వెనక నుంచి దారి వెళ్తుంది, నీటి తెర అవతలి నుంచి అడివిని చూడొచ్చు. కొండ మీది లాడ్జికి సరుకులు మోసే లామాలు ఇదే దారిలో వెళ్తాయి, అదృష్టం ఉంటే ఎదురవుతాయి. అక్కడికి వెళ్లే రోరింగ్ ఫోర్క్ రోడ్డు శీతాకాలంలో మూసి ఉంటుంది.

ఒక్క ట్రైలే చేయగలం అంటే నేను చెప్పేది ఆలమ్ కేవ్. మొదట మైలుకు పైగా ఏటి పక్కనే, ఒంటి కమ్మీ ఉన్న దుంగల వంతెనలు దాటుతూ మెల్లగా ఎక్కుతుంది. 1.4 మైళ్ల దగ్గర ఆర్చ్ రాక్ వస్తుంది. కొండరాయిలో దానంతట అది ఏర్పడిన సొరంగం లోంచే రాతి మెట్లు పైకి వెళ్తాయి. పక్కన ఇనుప తాడు ఉంటుంది, మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి పట్టుకుని ఎక్కండి. అక్కడి నుంచి ఎక్కుడు నిటారు. 2.3 మైళ్ల దగ్గర ఆలమ్ కేవ్ బ్లఫ్స్. పేరుకు గుహే గానీ నిజానికి మన నెత్తి మీదికి వంగిన పెద్ద కొండ చరియ. బయట వాన కురుస్తున్నా దాని కింద నేల పొడి దుమ్ముగా ఉంటుంది. 19వ శతాబ్దంలో ఇక్కడ ఎప్సమ్ సాల్ట్ తవ్వేవాళ్లు. చలికాలంలో పై నుంచి మంచు కడ్డీలు ఊడిపడతాయి, అప్పుడు కింద కూర్చోకూడదు. ఇక్కడికి రానూపోను 4.6 మైళ్లు, పిల్లలతో మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. పార్కింగ్ పొద్దున్న ఏడున్నరకే నిండడం మొదలవుతుంది. లోపల క్యాంప్ చేస్తున్న లాభం ఇక్కడ తెలుస్తుంది.

అదే దారి ఇంకా పైకి, 6,593 అడుగుల లెకాంట్ శిఖరానికి వెళ్తుంది. రానూపోను సుమారు 11 మైళ్లు, 2,700 అడుగులకు పైగా ఎక్కుడు. అలిపిరి మెట్ల మీదుగా తిరుమల నడిచి వెళ్లినవాళ్లకు ఒక అంచనా చెబుతాను. ఎక్కేటప్పటి ఒక వైపు దూరం ఇంచుమించు అంతే, ఎత్తు దానికంటే కాస్త ఎక్కువ. తేడా ఏమిటంటే దారిలో నీడ షెడ్లు, మజ్జిగ, దుకాణాలు ఉండవు, దిగడానికి బస్సూ ఉండదు. అలిపిరి ఎక్కి మరుసటి రోజు కాళ్లు పట్టేసినవాళ్లు బ్లఫ్స్ దగ్గర ఆగి తృప్తిగా వెనక్కి రండి. ఆ చోటే చాలా గొప్పది.

కువోహీ, పాత పేరు క్లింగ్‌మన్స్ డోమ్, పార్కులో అన్నింటికంటే ఎత్తైన చోటు, 6,643 అడుగులు. 2024లో చెరోకీ ప్రజల పాత పేరు దానికి తిరిగి వచ్చింది. పార్కింగ్ నుంచి టవర్‌కు అర మైలే, తారు దారే. అయినా బాగా నిటారు, గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను బలవంతపెట్టకండి. పార్కింగ్ దగ్గరి నుంచి కనిపించేదే కన్నులపండువగా ఉంటుంది.

ఏ ట్రైల్‌కైనా నీళ్లు మనిషికి రెండు లీటర్లు, తినడానికి ఏదైనా, రెయిన్ జాకెట్, లైటు. ఎక్కడం మొదలుపెట్టే ముందే తిరుగు టైము నిర్ణయించుకోండి. ఒంటిగంట అనుకుంటే ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందు పెట్టండి, వాళ్ల నడకే గుంపు నడక. ఏ ట్రైల్‌కు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఊళ్లో ఒకరికి మెసేజ్ పెట్టి వెళ్లండి.

జలపాతాల దగ్గర మాత్రం నా మాట వినండి. అమెరికాలో జలపాతాల్లో, చెరువుల్లో మన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఈ కొండల్లో ఏటి రాళ్ల మీద కంటికి కనిపించని నాచు ఉంటుంది. పైకెక్కి ఫొటో దిగాలని ఒక్క అడుగు వేస్తే చాలు. పై కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే నీటి వేగం పెరుగుతుంది. జలపాతం పక్కన బండరాళ్లు ఎక్కకండి, ఎక్కేవాళ్లను ఆపండి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు గుంపుగా వెళ్లేటప్పుడు ఒకరైనా ఈ మాట గట్టిగా అనాలి.

ఏడో అడుగు: శనివారం ఎలా గడపాలి

పొద్దున్న ఆరింటికి టీ, ఏడింటికి ట్రైల్ మొదలు, పదకొండుకల్లా వెనక్కి. జనం వచ్చే వేళకు మీరు క్యాంప్‌లో అన్నం తిని, ఏటి ఒడ్డున కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోండి. మధ్యాహ్నం వాన వస్తే టెంట్‌లో నిద్ర. నాలుగు దాటాక పెద్దవాళ్లను కారులో న్యూఫౌండ్ గ్యాప్ తీసుకెళ్లండి. 5,046 అడుగుల ఎత్తున రెండు రాష్ట్రాల గీత మీద నిలబడొచ్చు. 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పార్కును జాతికి అంకితం చేసింది అక్కడే.

కేడ్స్ కోవ్ 11 మైళ్ల వన్‌వే లూప్ రోడ్డు. శనివారం మధ్యాహ్నం కార్ల వరసలో మూడు నాలుగు గంటలు పట్టేస్తుంది. పొద్దున్న గేటు తెరిచేటప్పుడే వెళ్లండి. ఎండాకాలం సీజన్‌లో బుధవారాలు కార్లను రానివ్వరు, నడిచో సైకిల్ మీదో తిరగొచ్చు. బుధవారం సెలవు పెట్టగలిగితే పెట్టండి.

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. పాటల స్పీకరు ఇంట్లోనే వదిలేయండి, అంత్యాక్షరి తొమ్మిదిన్నరకు ముగించండి. డ్రోన్లకు జాతీయ పార్కుల్లో అనుమతి లేదు. కుక్కను తీసుకెళ్తే రెండు ట్రైళ్లలోనే రానిస్తారు, గాట్లిన్‌బర్గ్ ట్రైల్, ఒకోనలఫ్టీ రివర్ ట్రైల్.

అడివి లోపల, కారుకు దూరంగా పడుకునే బ్యాక్‌కంట్రీ క్యాంపింగ్ కూడా ఉంది. ముందుగా పర్మిట్ తీసుకోవాలి, మనిషికి రాత్రికి 8 డాలర్లు. తిండి సంచులను అక్కడ కట్టి ఉంచిన తీగలతో పైకి లాగి వేలాడదీయాలి. కారు క్యాంపింగ్ రెండు మూడు సీజన్లు అలవాటయ్యాక దాని గురించి ఆలోచించండి.

చివరిగా, ఖాళీ చేసేటప్పుడు

నిప్పు మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే కదలండి. 2016 నవంబరులో పార్కులో అంటుకున్న మంట గాలికి గాట్లిన్‌బర్గ్ దాకా పాకి 14 మంది ప్రాణాలు తీసింది. సైట్ అంతా ఒకసారి వంగి నడిచి అగ్గిపుల్లలు, పల్లీ తొక్కలు, ప్లాస్టిక్ ముక్కలు ఏరండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే బాగా చేస్తారు. టెంట్ పొద్దుటి మంచుకు తడిగానే ఉంటుంది, అలాగే మడిచి పెద్ద చెత్త సంచిలో వేసుకుని వచ్చేయండి. ఇంటికి రాగానే బాల్కనీలోనో గరాజ్‌లోనో విప్పి పూర్తిగా ఆరేయాలి. రెండు రోజులు కారు డిక్కీలో వదిలేస్తే బూజు పట్టి, పైనున్న, నీళ్లను ఆపే పూత దెబ్బతింటుంది.